సున్వాయి చాయ్

న్యాయం మీద పరిశోధన జరిగే మా గదిలో ఫ్యాను బీరువా మీద తిరిగేది. బీరువాకు చెమట పట్టదని మాకూ తెలుసు, ప్రొఫెసరు గారికీ తెలుసు. కానీ ఫ్యాను కొక్కెం అక్కడే ఉంది, బీరువా ఆయన రాకముందు నుంచీ అక్కడే ఉంది, దాన్ని జరపాలంటే యూనివర్సిటీ ఇంజనీరు ఆఫీసుకు రాయాలి. రాశారు కూడా. వాళ్ళు వచ్చి చూసి, తలలూపి వెళ్ళారు. రీసెర్చ్ అసిస్టెంట్లం మేమిద్దరం కిటికీ దగ్గర కూర్చుని, పనిచేసే చోట న్యాయం గురించి కార్మికులు చెప్పిన జవాబులను చెమటలు కక్కుకుంటూ కాగితాల మీదికి ఎక్కించేవాళ్ళం.

అరవైల చివరి రోజులవి. క్యాంపస్‌లో ఎక్కడ చూసినా న్యాయం గురించే మాట. గోడల మీద అదే, హాస్టల్ మెస్సులో అదే, ఉద్యోగాలు ఎవరికి రావాలన్న గొడవలోనూ అదే. మా ప్రొఫెసరు గారు మాత్రం ఆ విషయాన్ని గోడల మీద చదివి నేర్చుకున్నవారు కాదు. విదేశంలో చదువుకుని వస్తూ వెంట తెచ్చుకున్నారు.

ఆయన మంచివారు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే చెడ్డవారైతే నాకు ఇన్నేళ్ళ తర్వాత ఇదంతా గుర్తుండేది కాదు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని, తల ఒక పక్కకు వాల్చి వినేవారు. ఆయన అలా వింటుంటే, ఎండల గురించి చెప్పినా సరే, ఏదో గొప్ప మాట చెప్తున్నానని నాకే అనిపించేది.

ఆయన సిద్ధాంతం కూడా వినడం గురించే. మనిషికి అడిగింది దక్కకపోయినా ఫరవాలేదట. తన మాట ఎవరో ఓపికగా విన్నారని తృప్తి కలిగితే చాలు, కాదన్నా ఒప్పుకుంటాడట.

"దక్కిందా లేదా అన్నది కాదమ్మా పాయింటు. ఎలా నిర్ణయించారు, అడిగినవాడి మాట విన్నారా లేదా, అదీ పాయింటు" అనేవారు.

నాకు ఆ మాట చాలా నచ్చింది. అప్పటికి నేనెవరినీ ఏమీ అడిగి ఉండలేదు గనక నచ్చడంలో ఇబ్బంది లేదు.

మాది జనగామ దగ్గర పల్లె. మా నాయిన మిషన్ బడిలో పంతులు. ఎం.ఏ. అయ్యాక నాకీ ప్రాజెక్టులో పని దొరికింది. అది ఆ ఏడాది చివరి వరకే. ఇంకో ఏడాది పొడిగిస్తే పిహెచ్.డి.కి పేరు నమోదు చేసుకోవచ్చు. పొడిగించకపోతే ఊరికి పోయి నాయిన బడిలోనే చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పాలి. ఆ కుర్చీ నాకోసం తుడిచి పెట్టి ఉంచారు కూడా. ఎక్కాలు చెప్పడంలో తప్పేమీ లేదు. నాకు ఇష్టం లేదు, అంతే. నేను చదువుకోవాలి, ఈ పట్నంలో ఉండాలి, సొంతంగా ఏదైనా కనిపెట్టాలి అని మనసు కొట్టుకునేది. మేమిద్దరం ఉన్నా పొడిగింపు ఒక్కరికే అని మొదటినుంచీ తెలుసు.

రెండో ఆయనది కర్నూలు. మంచి మనిషి. తన టిఫిను డబ్బాలోంచి బొరుగుల ఉగ్గాణి నాకూ పెట్టేవాడు. పోటీ ఉన్నచోట అలాంటి మనిషి ఎదురుపడితే ద్వేషించడం కూడా కుదరదు.

నేను తార్నాకలో ఒక ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఇంటాయన మౌలాలి వైపు ఇనుప సామాన్ల కార్ఖానాలో పని చేసేవాడు. రోజంతా గ్రైండింగ్ షెడ్డులో ఇనుప దుమ్ము మధ్య ఉండి ఉండి ఆయనకు దగ్గు పట్టుకుంది. మాట మధ్యలో ఆగి, దగ్గి, మళ్ళీ ఆపిన మాట దగ్గరే మొదలుపెట్టేవాడు. మా పరిశోధనకు ఆ కార్ఖానాను చూపించింది ఆయనే.

కార్ఖానా మేనేజరు చదువుకున్నవాడు. ప్రొఫెసరు గారి సిద్ధాంతం విని ముచ్చటపడి, వెంటనే అమలు చేశాడు. ప్రతి గురువారం మధ్యాహ్నం ఎవరికి ఏ బాధ ఉన్నా తన గదికి వచ్చి చెప్పుకోవచ్చన్నాడు. కార్మికులు దానికి సున్వాయి అని పేరు పెట్టారు. ఫిర్యాదు వినడాన్ని ఉర్దూలో అలాగే అంటారు. అంతకుముందు ఆ గదిలో గుమస్తాలు తప్ప ఎవరూ కూర్చుని ఎరగరు. ఇప్పుడు నూనె మరకల నిక్కరుతో వెళ్ళినవాడికి కూడా కుర్చీ వేసేవారు. మేనేజరు తాగే రకం కప్పులో, సాసరు పెట్టి మరీ చాయ్ ఇచ్చేవారు.

సున్వాయి వల్ల కార్మికుల్లో తృప్తి పెరిగిందా అన్నది మేం తేల్చాలి. నేనూ కర్నూలాయనా బస్సెక్కి మౌలాలి పోయి, ఒక్కొక్కరినీ షెడ్డు బయటికి పిలిచి అడిగేవాళ్ళం. మీ మాట విన్నారా అంటే విన్నరనేవాళ్ళు. మర్యాదగా చూశారా అంటే "మస్తు మర్యాద" అనేవాళ్ళు. తృప్తిగా ఉందా అంటే మాత్రం నా మొహంలోకి ఒకసారి చూసి, "మంచిగనే ఉన్నది, రాస్కో బిడ్డా" అనేవాళ్ళు. నేను రాసుకునేదాన్ని. ప్రొఫెసరు గారు ఆ కాగితాలు చూసి పొంగిపోయేవారు.

ఒక ఆదివారం సాయంత్రం ఇంటాయన వరండాలో సైకిల్ చైనుకు నూనె పెడుతున్నాడు. ఆయన కూడా ఆ వారం సున్వాయికి వెళ్ళొచ్చాడని, దగ్గు వల్ల షెడ్డు మార్చమని అడిగాడని వాళ్ళావిడ చెప్పింది. ఆవిణ్ణి నేను అక్కా అనేదాన్ని.

"మేనేజరు ఏమన్నడు?" అని అడిగాను.

"ఏమంటడు? చాయ్ తాపిండు" అన్నాడు ఇంటాయన.

"అది గాదు, షెడ్డు సంగతి?"

"గదే చెప్తున్న గద బిడ్డా. చాయ్ తాపిండంటే పని గాదన్నట్టు. పని అయ్యేటోనికి చాయ్ ఎందుకు? గాడ గేటు కాడనే ‘ఠీక్ హై, కల్‌సే ఉధర్ జా’ అంటడు, తెల్లారి నుంచి అటు పోవుడే, అయిపోతది. కానిదానికే కుర్సీ ఏసి, చాయ్ తెప్పించి, అంతా ఇంటడు. నాకు దగ్గొస్తే ఆగిండు గూడ. నీళ్ళు తాపిండు. మంచోడు."

"మరి అందరికీ తెలుసా ఇది?"

"షెడ్డంత తెలుసు. గురువారం వచ్చినంక ఎవడన్న లోపల్నుంచి మూతి తుడ్సుకుంట వచ్చిండా, ఇగ వాన్ని ఏమీ అడగం" అని నవ్వబోయి దగ్గాడు.

అక్క లోపల్నుంచి, "సాసర్ల పోస్కోని తాగిండంట, ఇంట్ల ఎన్నడన్న తాగిండా అట్ల" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. కానీ నాకు నిద్రపోయే ముందు ఆ దగ్గు గోడ అవతల వినిపిస్తూనే ఉండేది, అప్పుడు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

మర్నాడే ఈ సంగతంతా శుభ్రంగా రాసి ప్రొఫెసరు గారికి ఇచ్చాను. నేను సొంతంగా కనిపెట్టిన మొదటి విషయం అదేనని లోలోపల పొంగిపోయాను కూడా. ఆయన కళ్ళద్దాలు తీసి, నేను చెప్పిందంతా విని, మళ్ళీ పెట్టుకుని, ఆ పేజీ మీద పెన్సిలుతో అడ్డంగా గీత గీశారు.

"చాలా ఇంట్రెస్టింగ్. కానీ ఇది జోకమ్మా, డేటా కాదు" అన్నారు.

ఏడాది చివరికొచ్చింది. పొడిగింపు సంగతి తేల్చే వారంలో ఒక మధ్యాహ్నం ప్రొఫెసరు గారు నన్ను గదికి పిలిచారు.

"కూర్చోమ్మా. నీ మాట వినకుండా ఏ నిర్ణయమూ తీసుకోవడం నాకిష్టం లేదు" అన్నారు.

కూర్చున్నాను. చెప్పాను. ఒకసారి మొదలుపెట్టాక అంతా చెప్పాను. ఊరు, నాయిన, ఎక్కాలు, పిహెచ్.డి.లో ఏం చేయాలనుకుంటున్నానో అన్నీ. జీవితంలో నా గురించి నేను అంతసేపు మాట్లాడింది అదే మొదలు. ఆయన తల వాల్చి విన్నారు. మధ్యలో రెండు మంచి ప్రశ్నలు వేశారు. మా నాయిన ఆరోగ్యం కనుక్కున్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగితే కిటికీ వైపు చూస్తూ నాకు తుడుచుకునే వ్యవధి ఇచ్చారు. అంత సున్నితమైన మనిషి. చివరికి లేచి, "థాంక్యూ సార్" అని బయటికి వచ్చాను.

క్యాంపస్ లోంచి తార్నాక వైపు దిగే రోడ్డు మీద నా కాళ్ళు నేల మీద ఆనలేదు. చెట్లన్నీ నాకోసమే గాలి విసురుతున్నట్టుంది. ఇంటికి చేరేసరికి అక్క బియ్యం ఏరుతూ కూర్చుంది.

"ఏమాయె?" అంది.

"మస్తుగ ఇన్నరు అక్కా. అంత మంచిగ ఎవ్వరూ ఇనలేదు నా మాట."

ఇంటాయన సైకిలు చక్రం మీంచి తల ఎత్తలేదు. "చాయ్ తాపిండా?" అన్నాడు.

నేను వాకిట్లోనే నిలబడిపోయాను. ప్రొఫెసరు గారి బల్ల మీద కప్పు, సాసరు, పక్కన రెండు ఉప్పు బిస్కెట్లు. ఆ సంగతి రాసిందాన్ని నేను, వరండాలో కూర్చుని నవ్విందాన్ని నేను. కప్పు నా చేతిలోకి వచ్చినప్పుడు వేడిగా ఉందనుకున్నానే గాని ఇంకేమీ అనుకోలేదు. అక్క బియ్యం చేట పక్కన పెట్టి, "తాపిండంటే తాపిండు తియ్, అందరు మీ మేనేజర్ లెక్క ఉంటరా" అని మొగుణ్ణి కసురుకుంది. ఆయన చక్రం తిప్పి చూసుకున్నాడు.

మర్నాడు కర్నూలాయన టిఫిను డబ్బా తెరవకుండా కూర్చున్నాడు. చివరికి చెప్పాడు. పొడిగింపు తనకే వచ్చిందట.

"ఎప్పుడు చెప్పారు?"

"మొన్న పొద్దున. మెట్లు ఎక్కుతాంటే ఎదురైనారు. నువ్వు కంటిన్యూ అవుతుండావు, కాగితం టైపు చేయించుకో అన్నారు. అంతే."

"టీ ఇచ్చారా?"

"టీ ఎందుకు?" అన్నాడు ఆయన అయోమయంగా.

మొన్న పొద్దున. నన్ను కూర్చోబెట్టి విన్నది నిన్న. నాకు ఒళ్ళు మండిపోయింది. పోస్టు పోయినందుకు కాదు, కర్నూలాయన పనిమంతుడే, నాకంటే వేగంగా లెక్కలు కడతాడు. ఆ ముక్క నాకు కూడా మెట్ల మీదే చెప్పి ఉంటే ఆ రోజు నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. మా నాయిన సంగతి, నా ఆశల సంగతి అంతా విప్పి బల్ల మీద పరిచాక, అవి చూసి ముచ్చటపడి పంపించారు. అదీ నాకు మండింది.

హాస్టల్లో నా స్నేహితురాళ్ళు, అతనిది ఏ ఊరు, నీది ఏ ఊరు అని ఆరా తీసి, ఇది ఊళ్ళ గొడవేనని తేల్చారు. మా ఇద్దరి ఊర్లూ ప్రొఫెసరు గారికి గుర్తున్నాయో లేదో నాకు అనుమానమే.

నేను సామాను సర్దుకునే వారంలోనే సెమినారు పడింది. మా పరిశోధన ఫలితాలు చదివే రోజు. పెద్ద హాలు. ముందు వరసల్లో పెద్దలు, కార్ఖానా మేనేజరు. న్యాయం మీద సభ గనక కార్మికులను కూడా కొందరిని పిలిచి వెనక బెంచీల మీద కూర్చోబెట్టారు. ఇంటాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నేను ఆయన పక్కనే కూర్చున్నాను.

ప్రొఫెసరు గారు చక్కగా మాట్లాడారు. చివర్లో కాగితం పక్కన పెట్టి, ఉదాహరణ కోసం కార్ఖానా దాకా పోనక్కర్లేదన్నారు.

"మన డిపార్ట్‌మెంటులోనే ఈమధ్య ఒక అసిస్టెంటుకు పొడిగింపు ఇవ్వలేకపోయాం. బాధాకరమే. కానీ ఆమె మాట పూర్తిగా విన్నాం. మా నిర్ణయాన్ని ఆమె అర్థం చేసుకుంది. లేచి, థాంక్స్ చెప్పి మరీ వెళ్ళింది. ఇదీ మన సిద్ధాంతం."

చప్పట్లు కొట్టారు. మేనేజరు అందరికంటే గట్టిగా కొట్టాడు. వరండాలో చెప్పుకున్నది జోకు, నేను మర్యాదకు అన్న మాట మాత్రం డేటా.

ప్రశ్నలుంటే అడగమన్నారు. నేను లేచాను. ఇంట్లో మాట్లాడే మాటే వచ్చింది.

"సార్, ఆ థాంక్స్ నేను చాయ్‌కి చెప్పిన. నాకు పోస్టు లేదని మీరు గప్పుడు చెప్పనే లేదు. ముందురోజే గాయినకు చెప్పిన్రు. ఇగ నన్ను కూసోపెట్టి ఇనుడు ఎందుకు సార్?"

ముందు వరసలో కొందరు వెనక్కి తిరిగి చూశారు. ప్రొఫెసరు గారు కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు. తల ఒక పక్కకు వాల్చి, నేను కూర్చునే దాకా విన్నారు.

"చాలా మంచి పాయింటమ్మా. దీని గురించి తీరిగ్గా మాట్లాడుకోవాలి. రేపు నా గదికి రా. టీ తాగుతూ కూర్చుందాం."

అంత పెద్ద హాల్లో ఇంటాయన ఒక్కడే నవ్వాడు. పకపకా నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే దగ్గయింది. ఎప్పటి దగ్గులా కాదు, బెంచీ పట్టుకుని ఒంగిపోయాడు. నేను వీపు రాస్తున్నాను. మేనేజరు వెనక్కి తిరిగి, నీళ్ళు తెమ్మని ఎవరికో సైగ చేశాడు. వేదిక మీద ప్రొఫెసరు గారు తొందరపడలేదు, మాట్లాడలేదు. ఆ దగ్గు ఆగేదాకా తల అలాగే వాల్చి, ఎంతో ఓపికగా విన్నారు.