విత్తే వానలో ఎర్రజెండా

పిల్లలూ, నేను కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా రిటైరవడానికి కొన్నేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, పుట్టపర్తి అవతలి కొండ మీద జరిగిన డౌన్‌హిల్ సైకిల్ పోటీకి నన్ను చీఫ్ మార్షల్‌గా వేశారు. పేరు పెద్దదే కానీ పని ఇంతే. రైడర్లు కొండ మీద నుంచి ఒక్కొక్కరుగా దిగుతారు. దారి పొడవునా మార్షల్స్ ఒకరికొకరు కనిపించేలా జెండాలతో నిలబడాలి. ఎర్రజెండా లేస్తే రైడర్ ఆగిపోవాలి. అలా ఆగినవాళ్లకు మళ్లీ దిగే అవకాశం ఇస్తారు. ఒక్కచోట మార్షల్ లేకపోయినా ఎవరినీ పైనుంచి వదలకూడదు.

ముందురోజు అందరికంటే వేగంగా దిగినవాళ్లు ఫైనల్లో చివర దిగుతారు. ఆ చివరి రైడర్ రేణుక, చిలమత్తూరు అమ్మాయి. మొదటి ముగ్గురిలో ఉంటేనే ఆమెను టీమ్ ఇంకో ఏడాది ఉంచుకుంటుంది.

సరిగ్గా ఆమె వంతుకు వాన దిగింది. మేము కప్పుకోవడానికి టార్పాలిన్ పట్టాలు వెతుక్కుంటుంటే, మా మార్షల్స్ వంగి మట్టిని పిడికిట్లో పిసికి చూశారు. వాళ్లంతా చుట్టుపక్కల రైతులే. ఓబులేసు తన జెండా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నేల ఇత్తేదానికి పదునైంది మేడం. ఇప్పుడు శెనక్కాయ ఇత్తకుంటే మళ్లా ఎప్పుడు కురుస్తాదో. పోయొస్తాం."

"ఇంకొక్క పిల్లే కదప్పా!"

"ఆ పాప రేపైనా దిగుతాది. పదును రేపటికి ఉండదు."

ఒక్కొక్కరే వెళ్లిపోయారు. రేణుక రన్ రద్దు చేయక తప్పదు. వాకీటాకీలో పైనుంచి ఆమె గొంతు వినిపించింది. "జెండాలు లేకున్నా దిగుతా మేడం, నన్నిడ్సండి."

"వదలను తల్లీ."

అప్పటికి మొదటి స్థానంలో ఉన్న హిందూపురం దీప్తి, ఒంటిమీది దుమ్ము వానకు బురదవుతుండగా నా పక్కనే ఉంది. "దిగినోళ్లమంతా ఈడనే ఉండాం కదా మేడం, జెండాలియ్యండి" అని వాకీటాకీ లాక్కుంది. "రేణుకక్కా, ఓడేదేదో నా కండ్ల ముందరే ఓడు!"

రైడర్లందరూ తలా ఒక జెండా పట్టుకొని కొండెక్కారు. దీప్తి గెలుపు కూడా ఈ రన్‌తోనే తేలేది కాబట్టి, ఎవరూ వేలెత్తి చూపకుండా ఆమె పక్కన నేనూ నిలబడ్డాను.

రేణుక బాగా దిగుతోంది. చక్రాలు జారుతున్నా బ్రేకును తాకీ తాకనట్టు పట్టి వస్తోంది. మా పైమలుపు తిరగగానే దీప్తి ఎర్రజెండా ఎత్తింది. రేణుక ఒక్కసారిగా బ్రేకు నొక్కి, బురదలో జారి మోకాలి మీద పడింది.

"గెలుస్తాండానని ఎత్తినావా?"

దీప్తి కిందికి చెయ్యి చూపింది. ఓబులేసు విత్తే గొర్రు కట్టిన ఎద్దులను తోలుకొని ట్రాక్‌కి అడ్డంగా పోతున్నాడు. "ఏమ్మా, ఇంకా ఐపోలేదా మీ పందెం?" అన్నాడు పైకి చూసి.

రేణుకకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. దీప్తి తన మెడలోని తువ్వాలుతో ఆమె కళ్లద్దాలు తుడిచి, జెండా నాకిచ్చి, సైకిల్‌ని ఆమెతో పాటు పైదాకా తోసింది.

ఆ రెండో రన్‌తో రేణుక రెండో స్థానంలో నిలిచింది. మొదటిది దీప్తే. టీమ్ రేణుకను ఉంచుకుంది.

జెండాను పోటీలో ఉన్న మనిషి చేతికైనా ఇవ్వొచ్చని ఆ రోజు నేర్చుకున్నాను. ఇంకొకటి కూడా. ఆ తర్వాత జూన్‌లో మార్షల్‌గా ఎవరొచ్చినా, "నీకు పొలముందా?" అని ముందే అడిగేదాన్ని. ఉందంటే, పొలం లేని మనిషిని ఒకరిని జతగా వేసేదాన్ని.