మా నాన్న బెండు టోపీ

ఆ రోజుల్లో మనిషి ఎలాంటివాడో తెలుసుకోవాలంటే ముందు అతని నెత్తి వంక చూసేవారు. తల లోపల ఏముందన్నది తర్వాతి సంగతి. ఏలూరు బజారులో కాసేపు నిలబడితే చాలు, జరీ పాగా కనిపిస్తే ప్లీడరుగారనీ, నల్లటోపీ అయితే గుమాస్తా అనీ, ఖద్దరు టోపీ అయితే ఇవాళో రేపో జైలుకెళ్ళే కుర్రాడనీ, పెద్ద అంచున్న సోలా టోపీ అయితే దొరగానీ, దొర దగ్గర పనిచేసేవాడుగానీ అయ్యుంటాడనీ చిన్నపిల్లలు కూడా చెప్పేసేవారు. మా నాన్న నెత్తిన వీటిలో ఏదీ ఉండేది కాదు. ఓ ముతక తలగుడ్డ ఉండేది. దాన్ని ఆయన ఎంతో గౌరవంగా ‘పాగా’ అనేవారు. ఎండకి గొడుగు అదే, మధ్యాహ్నం చుట్టు విప్పకుండానే తలగడ అదే, మోపు ఎత్తుకుంటే చుట్టకుదురు అదే, దూడ తప్పించుకుంటే పలుపుతాడు అదే. దాని మడతల్లో ఒక లంక పొగాకు చుట్ట, ఒక అగ్గిపెట్టె, వల కుట్టుకునే దారం ఎప్పుడూ ఉండాల్సిందే. (మా అమ్మకి ఏదైనా వస్తువు కనిపించకపోతే ఇల్లంతా వెతికేది కాదు, తిన్నగా నాన్న నెత్తి దగ్గరికి వచ్చేది.)

మాది కొల్లేటి లంకల్లో ఒక చిన్న ఊరు. కాస్త వరిచేను, ఒక తాటిదోనె, రెండు గేదెలు, మట్టిగోడల చర్చిలో సంఘపెద్ద హోదా, ఇవీ మా నాన్న ఆస్తులు. నేను ఏలూరు మిషన్ బళ్ళో ట్రైనింగు పూర్తిచేసి, తాడేపల్లిగూడెంలో టీచరుగా చేరాను. చేరిన ఆర్నెల్లకే అదే బళ్ళో పనిచేసే లెక్కల మాస్టారు నన్ను పెళ్ళి చేసుకుంటానని పాస్టరుగారితో చెప్పించారు. నేను తలొంచుకుని “మా నాన్న ఇష్టమండీ” అన్నాను గానీ, ఆ రాత్రి పిల్లల కాపీపుస్తకాల్లో తప్పులన్నిటికీ ‘గుడ్’ అని రాసేశాను.

చిక్కల్లా మాస్టారి తండ్రిగారితో వచ్చింది. ఆయన రైల్లో గార్డుగా చేసి రిటైరైన మనిషి. పెరట్లోకి వెళ్ళాలన్నా కోటు తొడుక్కునేవారట, వీధిలోకి వెళ్తే నెత్తిన సోలా టోపీ ఉండాల్సిందేనట. “మా నాన్నగారికి కట్నాలూ కానుకలూ అక్కర్లేదండీ. ఎదుటి మనిషి నచ్చాలి, అంతే. పల్లెటూరి పద్ధతులంటే మాత్రం ఆయనకి పడదు” అన్నారు మాస్టారు, నేల చూపులు చూస్తూ. ఆ పైన ఇంకో సంగతి నెమ్మదిగా బయటపెట్టారు. బెజవాడలో ఒక స్టేషను మాస్టారి కూతురు ఉందట, హార్మోనియం వాయిస్తుందట. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారింట్లో పెద్దలిద్దరూ కలుసుకోవాలని నిర్ణయమైంది. గార్డుగారికి మా నాన్న నచ్చితే సరి, లేకపోతే హార్మోనియమే.

నేను ఆ వారమంతా సెలవు పెట్టి ఊరికి పరుగెత్తాను. నా మొదటి జీతం మూటలో భద్రంగా ఉంది. మా నాన్నని దొరబాబులా తయారుచేసి తీసుకెళ్ళాలని నా పట్టుదల. చెబితే ఒప్పుకోరని, ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, తల చుట్టూ దారంతో కొలత తీసుకున్నాను. కోటు కొలతకి అమ్మ ఒక పాత చొక్కా ఇచ్చింది. మర్నాడే దోనె మీద ఏలూరు వెళ్ళి, దర్జీ దగ్గర కూర్చుని నల్లటి ఆల్పకా కోటు కుట్టించాను. కిర్రు చెప్పులు మర్యాద కాదేమోనని బూట్లు కొన్నాను. టోపీల కొట్టాయన నా దారం చూసి “ఇంత తల ఎవరిదమ్మా?” అని ఆశ్చర్యపోయి, పైఅటక మీది నుంచి అందరికంటే పెద్ద సోలా టోపీ దింపాడు. మా నాన్నది గొప్ప తల అని నేను పొంగిపోయాను.

మూట విప్పేసరికి మా నాన్న రెండడుగులు వెనక్కి వేశారు. “నేనెక్కడ, దొరటోపీ ఎక్కడమ్మా! నలుగురూ నవ్విపోతారు” అన్నారు. కోటు మాత్రం అమ్మ బలవంతాన తొడిగింది. అది అచ్చంగా సరిపోయింది. ఎప్పుడూ ఆయన్ని పొగడని అమ్మ కూడా “బాగానే ఉన్నారు లెండి” అంది. టోపీ దగ్గరికొచ్చేసరికి మొండికేశారు. నాకు ఏడుపు ముంచుకొచ్చి, హార్మోనియం సంగతి చెప్పేశాను. ఆయన టోపీని చేతిలోకి తీసుకుని బరువు చూశారు. మళ్ళీ చూశారు. లోపలి గుడ్డ కాస్త పక్కకి తప్పించి గోటితో నొక్కారు. ఆయన మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

“అమ్మడూ! ఇది జీలుగు బెండే! మన కొల్లేటి బెండు! వలలకి కట్టుకుంటామే, అదే!”

నిజమే. ఆ టోపీ లోపలంతా నీళ్ళలో మొలిచే జీలుగు బెండు. అంతే, ఇక మా నాన్నని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. “మన గడ్డి దొరల నెత్తికెక్కిందిటే!” అని టోపీ పట్టుకుని ఇంటింటికీ తిరిగి అందరిచేతా గోటితో నొక్కించారు. (ఆ గోటి గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.) తీరా నెత్తిన పెట్టుకునేసరికి అది జర్రున జారి ముక్కు మీద ఆగింది. అప్పుడు తెలిసింది నాకు నా తెలివి. నేను కొలిచింది మా నాన్న తలని కాదు, తలగుడ్డతో సహా ఉన్న తలని. పుట్టి బుద్ధెరిగాక నేను ఆయన్ని పాగా లేకుండా చూసిందే తక్కువ, కొలిచేటప్పుడు ఆ ఊహే రాలేదు. తిరిగిచ్చేద్దామంటే గోటి గుర్తులు.

“లోపల కాగితాలో గుడ్డపేలికలో కుక్కుకోండి నాన్నా” అన్నాను నీరసంగా.

“ఆ సంగతి నేను చూసుకుంటానులే” అన్నారు.

మిగిలిన రోజులు మా వాకిట్లో తర్ఫీదు సాగింది. బళ్ళో పిల్లలకి చెప్పినట్టే చెప్పాను. గుమ్మంలోకి వెళ్ళగానే టోపీ తీయాలి, బూట్లు మాత్రం తీయకూడదు. మా నాన్న అంతా శ్రద్ధగా విని, “ఇదేం మర్యాదమ్మా? కాళ్ళకున్న బురద లోపలికి మోసుకెళ్ళి, నెత్తిమీది గౌరవం గుమ్మం దగ్గర తీసేయడమా? బోడినెత్తితో పెద్దల ముందుకెళ్తే ఎవరో పోయారనుకోరూ?” అన్నారు. “వాళ్ళ పద్ధతి అంతే నాన్నా” అన్నాను. ఆయన ఆ వేషంలో పాలు పితకడానికి వెళ్తే గేదె మనిషిని గుర్తుపట్టక ఆ పూట చేపలేదు. టోపీతో దోనె ఎక్కి కొల్లేట్లోకి వెళ్తే, పొద్దున్నే వల వేస్తున్న మా బాబాయి ఎవరో ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడనుకుని దోనెతో సహా కిక్కిస గడ్డిపొదల్లో దూరి మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. ఈ రెండు సంఘటనలతో మా నాన్నకి టోపీ మీద విపరీతమైన గురి కుదిరింది.

ఆదివారం తెల్లవారుజామునే నాన్నా నేనూ దోనె మీద బయల్దేరి, ఏలూరులో తాడేపల్లిగూడెం రైలెక్కాం. మా నాన్న టోపీ తీయకుండా కిటికీ పక్కన నిటారుగా కూర్చున్నారు. టోపీ ఇవాళ ముక్కు మీదికి జారడం లేదు, దిట్టంగా కూర్చుంది. పేలికలు బాగానే కుక్కారనుకుని తృప్తిపడ్డాను. భీమడోలులో టీ అమ్మే కుర్రాడు ఆయనకి సలాము చేశాడు. పూళ్ళ దాటేసరికి పెట్టెలో వాళ్ళంతా సర్దుకుని ఆయనకి కాళ్ళు చాపుకునే చోటు ఇచ్చారు. నాకు పట్టరాని సంతోషం.

ఆరాధన వేళకి రైలు చేరలేదు గనక, తిన్నగా పాస్టరుగారింటికే వెళ్ళాం. నేను పెరటి దారిన వంటింట్లో దూరి, తలుపు సందులోంచి చూస్తున్నాను. ముందుగదిలో గార్డుగారు కుర్చీలో కూర్చుని జేబు గడియారం చూసుకుంటున్నారు. పెద్ద మీసాలు, బల్ల మీద బోర్లించిన టోపీ. ఆయన వెనక మాస్టారు, సున్నం కొట్టిన గోడలా తెల్లబోయి నిలబడ్డారు. మా నాన్న గుమ్మం దగ్గరికి వచ్చారు. వచ్చి, అలవాటు ప్రకారం బూట్లు విప్పి పక్కన పెట్టి, టోపీతో లోపలికి నడిచారు.

అనుకున్నదంతా తలకిందులైంది! నేను తలుపు సందులోంచి చెయ్యి నెత్తి మీద పెట్టుకుని సైగ చేశాను. ఆయన చూశారు. టోపీ వంకరగా ఉందని చెబుతున్నాననుకున్నారు కాబోలు, రెండు చేతులా ఇంకా కిందికి నొక్కుకున్నారు. నేను రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని పైకెత్తి చూపించాను. నా వెనక కాఫీ కాస్తున్న పాస్టరమ్మగారు “తలనొప్పా తల్లీ?” అని అమృతాంజనం లాంటిదేదో తెచ్చి నా నుదుటికి పట్టించేశారు. కళ్ళు మండిపోతున్నాయి. ఆ మంటలోంచే గార్డుగారి చూపు మా నాన్న టోపీ మీద నిలిచిపోవడం కనిపించింది.

“ముందు ప్రార్థన చేసుకుందామండీ” అని పాస్టరుగారు లేచారు. అందరూ లేచారు. గార్డుగారు గట్టిగా గొంతు సవరించుకున్నారు. అప్పటికి మా నాన్నకి గుర్తొచ్చింది. అన్నం గిన్నె మీద మూత తీసినంత జాగ్రత్తగా, రెండు చేతులతో టోపీ పైకెత్తారు.

టోపీ కింద పాగా ఉంది. చలువచేసి, చక్కగా మడతలు పెట్టి చుట్టిన తెల్లటి పాగా.

నాకు భూమి బద్దలై లోపలికి పోతే బాగుండుననిపించింది. గార్డుగారు దగ్గరికొచ్చి చూసి, “ఇదేమిటండీ ఇదీ?” అన్నారు.

మా నాన్న తడబడలేదు. “పెద్దల ముందు టోపీ తీయాలని మా అమ్మాయి చెప్పిందండీ. తీశానండి. పెద్దల ముందు పాగా తీయకూడదని మా నాన్న చెప్పారండీ. తీయలేదండి. ఇద్దరి మాటా నిలబెట్టానండి” అన్నారు.

పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు గానీ, ఆయన గొంతు వణకడం భక్తితో కాదని నాకు తెలుస్తూనే ఉంది. ‘ఆమెన్’ దగ్గర మా నాన్న భక్తిగా తల వంచేసరికి పాగా మడతలోంచి చుట్ట జారి, దొర్లుకుంటూ వెళ్ళి గార్డుగారి బూటు దగ్గర ఆగింది. పల్లెటూరి పద్ధతి ఇంతకంటే ఇంకేం ఉంటుంది! హార్మోనియం మోత నా చెవుల్లో గింగురుమంది.

గార్డుగారు వంగి చుట్ట తీశారు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. “లంక పొగాకే?” అన్నారు మెల్లగా. “అవునండి, మా చేత్తో చుట్టిందేనండి” అన్నారు మా నాన్న. గార్డుగారు కొడుకు వంక ఓ చూపు చూసి, “అలా పెరట్లోకి వెళ్దామా బావగారూ?” అన్నారు.

‘బావగారూ’ అన్నమాట విన్నది నేనొక్కదాన్నేనా, మాస్టారు కూడా విన్నారా అని తలుపు సందులోంచి చూస్తే, ఆయన గోడకి జారగిలబడి నావైపే చూస్తున్నారు. పెరట్లోంచి పొగ వాసన, నవ్వులు వచ్చాయి. ఉండబట్టలేక వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళాను. గార్డుగారు బోడితలతో నూతి చప్టా మీద కూర్చుని ఉన్నారు. “మా నాన్న ముదినేపల్లి వైపు బండి తోలేవాడండీ. ఇలాంటి పాగాయే. రైల్లో చేరిన రోజున టోపీ ఇచ్చి, ఇది తీసేయమన్నారు. ఎక్కడ పడేశానో నాకే గుర్తులేదు” అంటున్నారు. ఆ గంభీరమైన మనిషి చేత్తో బోడితల తడుముకున్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. (అమృతాంజనం మీదికి నెట్టేశాను.) మా నాన్న తన పాగా విప్పి, దులిపి, గార్డుగారి తలకి చుట్టడం మొదలుపెట్టారు.

కాసేపటికి ఇద్దరూ లోపలికి వచ్చారు. గార్డుగారి నెత్తిన పాగా ఉంది. పాగా పోయిన మా నాన్న బోడినెత్తితో రాలేక టోపీ పెట్టుకున్నారు, అది ముక్కు దాకా దిగిపోయింది. కళ్ళు కనిపించక గార్డుగారి చెయ్యి పట్టుకుని నడుస్తున్నారు. పాస్టరమ్మగారు చేతిలో కాఫీ పళ్ళెం ఉన్న సంగతి మరిచిపోయి నవ్వారు. నా పెళ్ళి అలా కుదిరింది.

పెళ్ళికి మా నాన్న ఆల్పకా కోటుతో, పాగా మీద టోపీతో పెళ్ళికొడుకు కంటే దర్జాగా ఉన్నారు. ఆ తర్వాత టోపీ వదల్లేదు. చేలోకి, సంతకి, చర్చికి, ఎక్కడికైనా అదే వేషం. దోనెలో నీళ్ళు చేరితే దాంతోనే తోడేవారు. బాతుగుడ్లు అందులోనే తెచ్చేవారు. ఎవరైనా వింతగా చూస్తే “మన బెండేనండి, నొక్కి చూడండి” అని తల వంచేవారు. ఆయన పోయాక అమ్మ ఆ టోపీని నాకిచ్చింది. తిరగేస్తే లోపల ఇంకా పొగాకు వాసన వేస్తుంది. నేనేమో ఆయన్ని దొరని చేశాననుకుని ఊరంతా చెప్పుకున్నాను. ఆయన నా ముచ్చట తీర్చి, లోపల మాత్రం తను తనలాగే ఉండిపోయారని తెలుసుకోవడానికి నాకు జుట్టు నెరవాల్సి వచ్చింది.

మొన్న మా మనవరాలు ఏలూరులో ఏదో ఫంక్షనుకి నన్ను తయారుచేసింది. నైలాను చీర కట్టింది, కళ్ళజోడు మార్చింది, చేతికి నిగనిగలాడే బ్యాగు తగిలించింది. “అమ్మమ్మా, ఆ బొడ్లో గుడ్డసంచీ మాత్రం తీసేయాలి, చూడ్డానికి బాగోదు” అంది. అందులో నా వక్కపలుకులు, లవంగాలు, తాళంచెవులు ఉంటాయి. పిల్ల ఎంత సంబరంగా ఉందో, నా చుట్టూ తిరిగి తిరిగి చూసుకుంటోంది. గోడకున్న టోపీ వంక ఒక్కసారి చూశాను.

“ఆ సంగతి నేను చూసుకుంటానులే” అన్నాను.