గుల్ల చప్పుడు

బొగ్గుబాయిలో ముప్పై ఏండ్లు సర్దార్‌గా చేసి రిటైరైనా, ఓదెలు చేతికర్ర మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. నెత్తి మీద కప్పున్న ఏ చోటికి పోయినా ముందు కర్రెత్తి దాన్ని ఠకఠకా కొడతాడు, చెవి పెట్టి వింటాడు, ఆ తర్వాతే కూర్చుంటాడు. బాయిలో ఆయన పని అదే. పైరాయి ఖంగుమంటే మనుషులను లోపలికి పంపాలి, గుల్లగా మోగితే వెనక్కి పిలవాలి. తన కొత్తింటి స్లాబును కొట్టి పెదవి విరిచినందుకు వియ్యంకుడు ఏడాదిపాటు మాట్లాడలేదు.

దగ్గు తగ్గట్లేదని భార్య లస్మవ్వ ఒకరోజు ఆయన్ను గోదావరిఖనిలో కొత్తగా తెరిచిన చిన్న దవాఖానకు తీసుకుపోయింది. ఊపిరితిత్తుల నిండా బొగ్గే ఉందంటారేమోనన్న భయంలో ఓదెలు కప్పు సంగతే మరిచాడు. డాక్టర్ అనూహ్య, కాకినాడ పిల్ల, ఆయన ఛాతీ మీద ఒక వేలు ఆనించి రెండో వేలితో కొట్టి, చెవి పెట్టి వింది. ఓదెలు మొహం విప్పారింది.

"ఎట్లున్నది బిడ్డా?"

"గుల్లగా మోగుతోంది తాతగారూ. అలా మోగితేనే మంచిది. మామూలు దగ్గే."

"గట్లెట్ల? గుల్లగ మోగితే మేం మనుషులను అవతలికి పంపిస్తం."

అప్పుడు గుర్తొచ్చింది. లేచి, ఆమె కుర్చీకి పైనున్న స్లాబును కర్రతో కొట్టి విన్నాడు.

"నీ లెక్కల నాది మంచిగున్నది. నా లెక్కల నీదే బాగలేదు. కుర్చీ గిటు జరుపుకో బిడ్డా."

అనూహ్య నవ్వింది. నవ్వుతూనే కుర్చీ జరుపుకుంది. మందు చీటీ ఆ తర్వాతే రాసింది.