పేరు మీద అంటించిన తెల్లకాగితం

ఈ ఉదయం ప్రయోగశాలలో, మొలకల పరీక్షకు గింజలు పెట్టిన తడికాగితం చుట్టలు విప్పుతుంటే పుల్లటి కుళ్ళువాసన గుప్పుమంది. మొలకెత్తని సోయా గింజ వాసన అది. ఒకసారి ముక్కుకు పట్టిందంటే మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నా వదలదు. ఆ వాసనతో పాటు సుగుణ మేడం కూడా వచ్చి నా పక్కన నిలబడినట్టుంటుంది. కరీంనగర్‌లో ఒక విత్తనాల కంపెనీలో నేను పనికి చేరినప్పుడు అక్కడి ప్రయోగశాలకు ఆమే పెద్ద. గింజలు మొలుస్తాయో లేదో తేల్చడం మా పని. మేం సరేనంటేనే సంచులు రైతు దగ్గరికి పోవాలి.

ఆమెకో చాదస్తం ఉండేది. పరీక్షకు వచ్చే ప్రతి పొట్లం మీదా సరుకు ఎవరిదో పేరుంటుంది కదా, ఆ పేరు మీద తెల్లకాగితం అంటించి, ఓ గుర్తు వేసి గానీ లోపలికి పంపొద్దని స్టోరు వాళ్ళకు గట్టిగా చెప్పారు. ఫలితం రాసి సంతకం పెట్టాకే ఆ కాగితం ఊడదీయాలి. కొత్తలో నాకు ఒళ్ళు మండేది. మనమేమైనా దొంగలమా అని ఒకరోజు అడిగేశాను. ఆమె నవ్వారు. వాళ్ళది మందమర్రి, నాన్న బొగ్గుబావిలో పనిచేసేవాడు. బావిలోకి దిగే ముందు బీడీ, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని ప్రతి ఒక్కరి జేబులూ తడిమేవారట, ఆఫీసర్లవి కూడా.

“మా బాపు దొంగ అని గాదు బిడ్డా. అలవాటుల జేబుల ఉండిపోతది, మనకే యాదుండదు. పేరు గూడ గంతే. చూస్తే కన్ను మెత్తవడ్తది. నా కన్ను మీద నాకే నమ్మకం లేదు,” అన్నారు.

ఆ ఏడు కోతలప్పుడు వాన కొట్టి సోయా తడిసింది. ఎండబెట్టి సంచులకెత్తిన సరుకు ఒకటి ఎండాకాలంలో పరీక్షకు వచ్చింది. చుట్టలు విప్పితే సగానికి పైగా కుళ్ళాయి. కాగితం తీసి చూస్తే మా కంపెనీ యజమాని, సేటు సొంత సరుకు! మళ్ళీ చేయమన్నాడు, చేశాం. మళ్ళీ అదే వాసన. మూడోసారి సేటే లోపలికొచ్చి, కాగితం తన చేత్తో చించేసి, పొట్లం మేడం ముందు పెట్టాడు. కోప్పడలేదు, అందుకే నాకు ఇంకా ఎక్కువ భయమేసింది. మృగశిర కార్తె, విత్తనాలు వేసే అదును దగ్గరపడిందని, లారీలు గేటు దగ్గరే ఉన్నాయని, ఈ సరుకు ఆగితే మా అందరి జీతాలూ ఆగుతాయని నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

“ఇప్పుడు పేరు చూసి చెయ్యిండ్రి మేడం,” అన్నాడు.

“చూసినంక నేను చెయ్యలేను సార్. ఇంకెవరితోనన్న చేయించుకోండ్రి,” అన్నారు మేడం.

చేయించుకున్నాడు. వారం తిరక్కుండా కొత్త మనిషి వచ్చాడు, సరుకు పాసైంది, మేడం ఉద్యోగం పోయి ఇంటికి చేరారు. సంచులు ఆదిలాబాద్ వెళ్ళాయి. ఆమె ఊరుకోలేదు, బస్సెక్కి అక్కడి విత్తనాల దుకాణాలన్నీ తిరిగారు, ఆ సంచులు అమ్మొద్దని చెప్పడానికి. ఉద్యోగం ఊడిన కోపంతో చెబుతోందని ఒక దుకాణాయన మొహం మీదే అనేశాడట.

వానలు పడ్డాక నన్ను వెంటబెట్టుకుని అటువైపే ఒక చేనుకు వెళ్ళారు. నల్లరేగడి నేల తడితడిగా ఉంది, పచ్చదనం మాత్రం ఎక్కడా లేదు. ఆ చేను రైతు సాలులో వేలు పెట్టి ఒక గింజ తవ్వి తీసి మేడం చేతిలో పెట్టాడు. అదే వాసన.

“సంచి మీద పాసైనట్టు ముద్ర ఉండె గదమ్మా. అది చూసే తెచ్చిన,” అన్నాడు.

 తిరుగు బస్సులో మేడం ఆ గింజను గుప్పిట్లోనే పెట్టుకుని కూర్చున్నారు.

తర్వాత ఏ కంపెనీ ఆమెను తీసుకోలేదు. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ బతికారు, పోయినేడు కన్నుమూశారు. నిజాయితీకి ఎప్పటికైనా ఫలితం దక్కుతుందని ఎవరైనా అంటే నాకు కడుపు మండుతుంది. ఏం దక్కింది ఆమెకు?

ఇప్పుడు నేను మరో కంపెనీలో, ఆమెలాగే ప్రయోగశాల పెద్ద కుర్చీలో ఉన్నాను. ఈ ఉదయం కుళ్ళినట్టు తేలిన గింజల పొట్లం మీదా తెల్లకాగితం అంటించి ఉంది. దాని కింద ఎవరి పేరుందో ఊహించడం పెద్ద కష్టమేమీ కాదు, మా యజమాని నిన్ననే ఫోన్ చేసి సోయా సంగతి ఏమైందని అడిగాడు. పాసు కాలేదని రాసి సంతకం పెట్టాను. కలానికి మూత పెట్టబోతే కుదరలేదు, చెయ్యి అంతగా వణికింది. సేటు పొట్లం తెచ్చి ముందు పెట్టిన రోజు మేడం చెయ్యి కూడా ఇలాగే వణికిందా? ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రావడం లేదు. నేను ఆమె చేతుల వైపు చూడనేలేదు, సేటు మొహమే చూస్తూ నిలబడ్డాను.