జక్కయ్య చదివిన పేపరు

గుంటూరు నుంచి వచ్చే సాయంత్రం బండి మాచర్లలో ఆగిపోయేది. ఆపైన పట్టాలు లేవు. ప్రపంచం ఇక్కడితో సరి అని రైల్వేవాళ్లే ఒప్పుకున్నారని జక్కయ్య అనేవాడు. ఆయన ఆ స్టేషనులోనే గూడ్సు గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆయన కళ్లెర్రజేస్తే వ్యాగనెడు నాపరాళ్లు కూలీలు లేకుండా తమంతట తామే బండెక్కాయని జట్కావాళ్లు చెప్పుకునేవారు. అది అతిశయోక్తి. సగం వ్యాగనే ఎక్కాయి.

భార్య ప్రేమకుమారి పోయాక ఇంట్లో ఆయనకు మాట్లాడే మనిషి లేదు. పిల్లలు కలగలేదు. పొద్దున చర్చి గంట వింటాడు, అది తన మాట తాను చెప్పి ఊరుకుంటుంది. మధ్యాహ్నం తనే వండుకుంటాడు, ఉప్పు చాలలేదని తనను తానే కసురుకుంటాడు. సాయంత్రమైతే మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషనుకు పోయి, బండి దించిన పేపర్ల కట్టలోంచి మొదటి పేపరు లాక్కుని, బయట జట్కాల దగ్గర రాతిబల్ల మీద కూర్చుని చదివి వినిపిస్తాడు. రోజు మొత్తంలో ఇంకో మనిషి గొంతు తన గొంతుకు తగిలేది ఆ కాసేపే. దానికోసమే ఆయన మిగిలిన రోజంతా భరించేవాడు.

జట్కావాళ్లు వస్తూ పోతూ వినేవారు, రోజూ తప్పకుండా వినేవాళ్లు మాత్రం ముగ్గురు. జట్కా తోలే ఖలందర్ ఎర్రజెండా పార్టీ మనిషి. పోలమ్మ వేయించిన శనక్కాయలమ్మేది. సాంబయ్య దగ్గర పల్లెలో చిన్న రైతు, గుర్రాలకు గడ్డిమోపు తెచ్చి వేసేవాడు. ముగ్గురికీ అక్షరం ముక్క రాదు. ఆ సంగతి జక్కయ్యకు చాలా సదుపాయంగా ఉండేది. సంపాదకుడు రాయడం మరిచిపోయినవన్నీ ఆయన చదివేటప్పుడు కలిపేవాడు.

ఆయనకు కొత్తదేదీ గిట్టదు. అణాలు పోయి నయాపైసలు రావడం గిట్టలేదు. పాస్టరుగారు ప్రసంగం అరగంటకు కుదించడం గిట్టలేదు. కృష్ణకు అడ్డంగా డ్యాము కట్టడం అసలే గిట్టలేదు. తన దారిన తాను పోతున్న నదిని నిలబెట్టి ఊరూ పేరూ అడగడమేమిటని ఆయన బాధ. 1959 వేసవిలో వీటన్నిటినీ మించినది వచ్చింది. సర్కారు సహకార వ్యవసాయం తెస్తుందని పేపర్లు రాయసాగాయి.

"ఊరి చేలన్నీ కలిపేస్తారంటరా ఖలందరూ. గట్లు తీసేస్తారు," అని జక్కయ్య పేపరు విదిలించాడు.

"తియ్యనియ్యి సారూ. గట్టు తగాదాలోళ్లని గురజాల కోర్టు బస్సుకాడికి మొయ్యలేక నా గుర్రం సచ్చిపోతంది."

"రేపు గుర్రాల్ని కూడా కలుపుతారు. నీ బండిలో నీ చోటున ఇంకోడు కూర్చుంటాడు."

"కూర్చోనీ. ఇది తన్నిన తన్నులు వాడు కూడా సగం పంచుకుంటాడు!"

జట్కావాళ్లంతా పకపకా నవ్వారు. జక్కయ్యకు ఓడిపోవడం అలవాటు లేదు. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని, గొంతు మార్చి, గంభీరంగా చదివాడు.

"'జూన్ మాసము మొదలు దుక్కిటెద్దులన్నిటికిని తొడమీద ముద్ర వేసి ఒకే కొట్టమున కట్టవలెను. ఏ ఎద్దు ఏ పూట ఎవరి కాడి కిందకు పోవలెనో కలెక్టరుగారు చీటీ పంపెదరు. బండెద్దులకు ఇది వర్తించదు. దుక్కిటెద్దును పేరు పెట్టి పిలుచుట నేరము.'"

"ఓయమ్మో! మరి ఏమని పిలవాలంట అన్నా?" అంది పోలమ్మ.

"నంబరు పెట్టి."

సాంబయ్య గడ్డిమోపు విప్పుతున్నవాడు ఆగాడు. "ముద్రంటే కాల్చి ఏస్తారా సారూ?"

"మరి సిరాతో వేస్తే వానకి పోదూ?"

మళ్లీ నవ్వులు. గెలిచిన జక్కయ్య ఆ రాత్రి మామూలు కంటే రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. సాంబయ్య నవ్వలేదన్న సంగతి ఆయన గమనించనేలేదు.

ఆ తరవాత సాంబయ్య గడ్డి తీసుకురావడం మానేశాడు. పొలం పనులేమో అనుకున్నారు. ఒక సాయంత్రం జక్కయ్య పేపరుతో వచ్చేసరికి ఖలందర్ జట్కా మీంచి దిగలేదు.

"చదవొద్దు సారూ," అన్నాడు.

"ఏందిరా, గొంతు బాగాలేదా? పోట్లాడలేవా?"

"సాంబయ్య ఎద్దుల్ని అమ్మేశాడు. రాజుపాలెంలో బండి తోలుకునేటాయనకి. బండెద్దులకి ముద్ర లేదని చదివావుగా? నా బిడ్డల్లాంటియ్యి, కాలుస్తుంటే చూడలేనన్నాడంట. నిన్న నా బండిలో సహకారం ఆఫీసరెక్కాడు. ముద్రలెప్పుడేస్తారయ్యా అనడిగా. దిగిందాకా నవ్వుతానే ఉన్నాడు. అసలు చట్టమే రాలేదంట. ఇష్టమైనోళ్లే చేరతారంట."

"పేపర్లో..." అన్నాడు జక్కయ్య.

"ఏదీ, ఆ ముక్కెక్కడుందో వేలు పెట్టి చూపీ. ఇంకోడి చేత చదివిస్తా."

జక్కయ్య పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ మనం నిజం మీద పోట్లాడుకుంటున్నామనుకున్నా సారూ," అని ఖలందర్ కళ్లెం లాగాడు. బేరం లేకుండానే బండి కదిలిపోయింది.

పోలమ్మ చెయ్యి చాపింది. "ఆ పేపరిటియ్యి అన్నా. శనక్కాయల పొట్లాలకైనా పనికొచ్చుద్ది."

తొలకరి పడ్డాక జక్కయ్య సాంబయ్య చేనికి నడిచి వెళ్లాడు. దారంతా తనలో తాను తర్కించుకున్నాడు. తను చెప్పదలుచుకున్నది అబద్ధం కాదు. ఎవరి చేను వాళ్లకుంటేనే మబ్బు పట్టినప్పుడు ఎవరో ఒకరు నిద్ర మానుకుని ఆకాశం చూస్తారు. అందరిదీ అయిన చేనుకోసం ఎవరూ లేవరు. ఇది ఆయన మనసారా నమ్మాడు, ఆ రోజు కూడా నమ్ముతూనే నడిచాడు. ఆ మాట అలాగే చెప్పి ఉంటే ఖలందర్ కాదనేవాడు, సాంబయ్య తలూపేవాడు, ఎద్దులు కొట్టంలో ఉండేవి. కానీ అలా చెబితే ఎవరూ నవ్వరు. ఎవరూ నవ్వకపోతే మరునాడు వస్తారో రారోనన్న భయం ఆయనకు ఎప్పుడూ ఉండేది.

సాంబయ్య దున్నుతున్నాడు. ఎద్దులు ఎవరివో. పేర్లు తెలియక 'హై, హై' అని తోలుతున్నాడు.

"ఇయ్యి పక్కోళ్లయి సారూ," అన్నాడు నాగలి ఆపి. "వాళ్ల దుక్కి అయినాక ఇచ్చారు. నువ్వన్నట్టే అయింది చూడు, ఒకరి ఎద్దులు ఇంకొకరి కాడి కింద."

ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అన్నాడు. జక్కయ్యకు అదే ఎక్కువ బాధనిపించింది.

"రాజుపాలెం పోదాం పద. ఆయన్ని నేను అడుగుతాను."

"పోయొచ్చా. ఇయ్యనన్నాడు. నన్ను చూసి పెద్దెద్దు తాడు తెంపుకోబోయింది. ఇంక పోను."

"ఆ ముద్ర సంగతి పేపర్లో లేదు సాంబయ్యా. నేనే కలిపాను. తప్పయింది."

"తెలుసు. ఖలందర్ చెప్పాడు."

"ఇక మీదట ఉన్నది ఉన్నట్టే చదువుతాను. సాయంత్రం స్టేషను కాడికి రా. నువ్వొస్తే వాళ్లూ వస్తారు."

సాంబయ్య చాలాసేపు కాడి తాడు సర్దాడు. అది సరిగ్గానే ఉంది.

"నాకు నీ మీద కోపం లేదు సారూ. ఖలందర్ చెప్పినాక కూడా, నువ్వు చదివిందే నిజమేమోనని చానాసార్లు అనిపిచ్చింది. నువ్వు చదివితే అట్టా ఉంటది. అందుకే నేను రాను."

'హై' అని ఎద్దుల్ని అదిలించాడు. అవి ఆ చివరకు పోయి మళ్లీ ఈ చివరకు వచ్చేదాకా జక్కయ్య గట్టుమీదే నిలబడ్డాడు. సాంబయ్య ఈసారి నాగలి ఆపలేదు.

మరునాడు జక్కయ్య పేపరు తీసుకుని జట్కాల వైపు చూడకుండా ఇంటికి వచ్చేశాడు. అరుగుమీద కూర్చుని మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా ఉన్నది ఉన్నట్టే చదివాడు. పైకే చదివాడు. సహకార సంఘాలతో దిగుబడి పెరుగుతుందని ఎవరో మంత్రి ఉపన్యసించారట.

"పెరగదు," అన్నాడు జక్కయ్య.

వీధిలో కాదనడానికి ఎవరూ లేరు. గొంతు కాస్త బొంగురు చేసుకుని, ఖలందర్ యాసలో తనే అడిగాడు. "నువ్వెప్పుడన్నా నాగలి పట్టావా సారూ?"

"లేదు."

"మరి నీకెట్టా తెలుసు?"

జక్కయ్య ఆలోచించాడు. ఏదైనా కల్పించి చెప్పవచ్చు, నోటిదాకా వచ్చింది కూడా. చెప్పలేదు. జీవితంలో మొదటిసారి ఎర్రజెండావాడి చేతిలో ఓడిపోయి, పేపరు మడిచి, అన్నం వండుకోవడానికి లోపలికి వెళ్లాడు.