సూర్యాపేట దగ్గర అందరూ క్షేమం

ట్యాంకులు వచ్చాయి, విమానాలు వచ్చాయి, దానికి పోలీస్ యాక్షన్ అని పేరు పెట్టారు. మా చిలకలగూడ గల్లీలో మాత్రం ఒక్క పోలీసూ కనిపించలేదు.

గల్లీ మొత్తానికి ఒకటే రేడియో, అమ్మీ అక్కలా చూసుకునే పక్కింటి ఖాలాది. ఆమె ఒక్కగానొక్క కొడుకు, మా భాయ్ ఇద్దరూ నిజాం ఫౌజులో ఒకే దళం. బెజవాడ రోడ్డు కాయడానికి సూర్యాపేట వైపు పోయారు. అది పరమ రహస్యమట, కూరగాయలమ్మే ఆవిడక్కూడా తెలుసు. సర్కారు రేడియో రోజూ మనమే గెలుస్తున్నామని చెప్పేది. గెలిచిన ఊళ్లు మాత్రం రోజురోజుకూ మనకు దగ్గరవుతున్నాయి. ఆ మాట పైకి అంటే అమ్మీ నెత్తిన మొట్టింది.

"నోర్ముయ్! గోడలకు చెవులుంటయ్."

ఒక మధ్యాహ్నం భాయ్ వెనక తలుపు తోసుకుని వచ్చాడు. యూనిఫాం లేదు, ఎవరిదో లుంగీ. లారీ మీద కొంత, నడిచి కొంత వచ్చాడట. మూసీ వంతెన దగ్గర బాంబు పడిందని, ఖాలా కొడుకు తన ఒళ్లోనే పోయాడని చెప్పాడు. ఏడవబోయిన నా నోరు అమ్మీ కొంగుతో మూసేసింది. పారిపోయి వచ్చిన సిపాయి దొరికితే కాల్చేస్తారు. రజాకార్లు గల్లీ మొగదల్లోనే తిరుగుతున్నారు. భాయ్‌ని బియ్యం బస్తాల వెనక కూర్చోబెట్టి పరదా లాగింది.

సాయంత్రం ఖాలా సేమ్యా గిన్నెతో వచ్చింది.

"రేడియోల చెప్పిన్రు! సూర్యాపేట కాడ మనోళ్లు దుష్మన్లను ఆపిన్రట. అందరు సలామతేనట! నోరు తీపి చేసుకోండ్రి."

"అల్లా మెహర్బానీ ఆపా" అంది అమ్మీ. ఖాలా ఎదుటే ఒక చెంచా తిని, బాగుందని కూడా అంది. అంత నిలకడైన గొంతు రేడియోలో వార్తలు చదివేవాళ్లకు సైతం లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అంతలో పరదా వెనక భాయ్ దగ్గాడు. నేను వెంటనే ఇంకా గట్టిగా దగ్గాను.

మర్నాడు అదే రేడియో, అదే దర్జాతో, లడాయి ఆగిపోయిందని చెప్పింది. ఇక భాయ్‌ని కాల్చేవాళ్లు లేరు. అమ్మీ అతన్ని వెంటబెట్టుకుని ఖాలా ఇంటికి వెళ్లింది. భాయ్ గడప దగ్గరే కూలబడి అంతా చెప్పాడు. ఖాలా అరవలేదు. ఇంతే అడిగింది.

"నువ్వెప్పుడొచ్చినవ్ బేటా?"

"నిన్న, ఖాలా. పగటీలి."

ఆమె అమ్మీ వైపు తిరిగింది.

"రేడియో సర్కారు ఉప్పు తిన్నది, సర్కారు మాట చెప్పింది. నువ్వెవరి ఉప్పు తిన్నవ్ చెల్లె?"

"నా బిడ్డ పాణం ఆపా... ఎవరికన్న తెలిస్తే..." అమ్మీ గొంతులో నిన్నటి నిలకడ లేదు.

"నాకు చెప్తే మా ఇంట్లనే దాస్తుంటి గదనే" అంది ఖాలా. "మావాని మంచం ఖాళీగనే ఉండె."