గ్రూపులో లంబాడీ పాఠం

నేను ఆత్మకూర్ (ఎస్) దగ్గరి ఒక తండాలో అంగన్‌వాడీ టీచర్ని. నేను పుట్టింది కూడా తండాలోనే. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు. సెంటర్లో మాత్రం తెలుగే మాట్లాడాలని నాకు నేనే కట్టుబాటు పెట్టుకున్నాను.

ఒకసారి సూర్యాపేటలో శిక్షణకు వెళ్లినప్పుడు అక్కడికొచ్చిన టీచర్లం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. కోదాడ, మిర్యాలగూడ వైపు వాళ్లు తర్వాత చేరారు. మొదట్లో అందులో గుడ్ మార్నింగ్ పూలే ఎక్కువ. మెల్లగా ఒకరు కాగితం పిట్టను చేయడం, ఇంకొకరు చింతగింజలతో లెక్కలు నేర్పడం వీడియో తీసి పెట్టసాగారు. పిల్లల బరువు ఫోన్లో ఎక్కించే యాప్ నాకు ఎంతకీ అర్థమయ్యేది కాదు. మిర్యాలగూడ టీచరు ఒకామె ఎక్కడెక్కడ నొక్కాలో చూపిస్తూ వీడియో పెడితే, దాన్ని ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ నేర్చుకున్నాను. నేను మాత్రం ఏమీ పెట్టేదాన్ని కాదు. కెమెరా అంటే సిగ్గు.

ఒక ఉదయం చలికి పిల్లలంతా ముడుచుకుని కూర్చున్నారు. అంకెల పాట ఎత్తుకుంటే ఎవరూ అందుకోలేదు. ఏమనిపించిందో, పాటను లంబాడీలోకి మార్చేశాను. ఏక్, ది, తీన్, చార్ అనగానే లేచి గంతులు మొదలుపెట్టారు. మా ఆయా ఆ సందడిని నా ఫోన్లో తీసి, నన్నడక్కుండానే గ్రూపులో పెట్టేసింది.

వంట వేళకు గానీ నేను దాన్ని చూసుకోలేదు. "గదెందుకు పెట్టినవ్? సెంటర్ల లంబాడీ పాటలు పాడిపిస్తున్ననని సూపర్‌వైజర్ మేడం ఏమంటదో!"

"ఏమనదు తియ్ టీచరమ్మా. పోరగాళ్లు ఎట్ల ఎగురుతున్నరో సూడు జర," అంది ఆమె, కుక్కర్ దించుతూ.

తీసేద్దామని ఫోన్ తెరిస్తే కోదాడ టీచరు ఒకామె పంపిన వాయిస్ మెసేజ్ వచ్చి ఉంది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

"అక్కా, మా సెంటర్లో ఒక పాప ఉంది. వాళ్ల అమ్మానాన్న ఇటుక బట్టీ పనికి వచ్చారు. ఇంట్లో అంతా లంబాడీయే. వచ్చిన కాడ్నించి నోరు విప్పట్లేదు, తలుపు దగ్గరే కూర్చుంటది. మీ పాట పెట్టేసరికి పరిగెత్తుకొచ్చి నా ఫోన్ పట్టుకుంది. నాకు నాలుగు మాటలు నేర్పుతారా అక్కా?"

"నేర్పుత చెల్లె, గదెంత పని," అన్నాను.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక చిన్న చిన్న వాయిస్‌లు గ్రూపులోనే పంపేదాన్ని. నీళ్లు పాణి, రొట్టె బాటి, అమ్మ యాడి. ఆమె పలికి తిరిగి పంపేది. కోదాడ యాసలో సాగిన ఆ మాటలు విని మా పిల్లలు పడీపడీ నవ్వి, ఒక్క గొంతుతో దిద్ది పంపేవాళ్లు. నేను సెంటర్ గడప బయటే వదిలి వచ్చే భాషను ఒకరు అడిగి మరీ నేర్చుకుంటుంటే లోపల ఏదో పొంగినట్టుండేది.

ఒకరోజు వీడియో కాల్ చేసింది. పాప ఆమె ఒళ్లో ఉంది. ఏం తిన్నావని లంబాడీలో అడిగాను. ఫోన్‌ను ముఖానికి దగ్గరగా లాక్కుని, "బాటి" అంది. ఇక ఆగలేదు. బాటీలోకి ఏం కూర, యాడి ఎటు పోయింది, బట్టీ దగ్గర కుక్కపిల్ల ఏం చేసింది, అన్నీ చెప్పింది.

"ఏమంటుందక్కా? ఏమంటుంది?" అని టీచరు ఒకటే ఆరాటం. నేను తెలుగులో చెబుతుంటే ఆమె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

గ్రూపు చూసే సూపర్‌వైజర్ మేడం నన్ను ఏమీ అనలేదు. "ఇలాంటివి తండా పిల్లలున్న సెంటర్లన్నిటికీ పనికొస్తాయి, ఇంకా పెట్టమ్మా," అని రాశారు. ఎండాకాలంలో బట్టీ పని అయిపోయి ఇంటిదారి పట్టేనాటికి ఆ పాప తెలుగులో కూడా గలగలా మాట్లాడేదట.

ఇప్పుడు నేను ఎప్పుడో మధ్యలో ఆగిపోయిన డిగ్రీకి మళ్లీ ఫీజు కట్టాను. ఇంగ్లిష్ పాఠాలు కోదాడ చెల్లెలే వాయిస్‌లలో చెబుతుంది. మొన్న మొదటిసారి సూర్యాపేట బస్టాండులో కలుసుకున్నాం. ఎవరో "అక్కా" అని పిలిస్తే ఆ గొంతు ఆమెదేనని తిరగకుండానే తెలిసిపోయింది. చాయ్ తాగుతూ కూర్చున్నాం. కోదాడ బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఇద్దరమూ లేవలేదు.